పొయ్యి పైన వేలాడిన డప్పు

పోయిన క్రిస్మస్‌కు ముందు మా మనవరాలు చర్చి నుంచి ఒక డప్పు ఇంటికి తెచ్చింది. యూత్ పిల్లలంతా కలిసి కొన్నారట. పండుగ ఆరాధనలో దరువు వేసే పని తనకు అప్పజెప్పారట. ఇనప చట్రం, తెల్లటి ప్లాస్టిక్ మూత, చుట్టూ నట్లు. సోఫాలో కూర్చుని స్పానర్‌తో ఒక్కో నట్టూ బిగిస్తోంది. ఎదురుగా చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న నేను, చూసి చూసి, ఉండబట్టలేక అడిగాను.

“దానికి మంట చూపించవటే?”

“మంట చూపిస్తే కరిగిపోతుంది అమ్మమ్మా!” అని పకపకా నవ్వింది.

నవ్వనీ. డప్పుకి మంట ఎందుకో తెలియకుండా పెరగడం దాని తప్పు కాదు. గ్యాస్ పొయ్యి ఉన్న ఇంట్లో పుట్టిన పిల్ల. నాకు మాత్రం ఆ రోజంతా ముక్కులో పత్తికట్టె పొగ వాసన తిరుగుతూనే ఉంది. ఆ పొగలో ఒక పూరిల్లు, ఒక మట్టి పొయ్యి, పొయ్యి పైన వాసానికి వేలాడే ఒక డప్పు. దాన్ని ఏనాడూ కొట్టని మా తాత.

మా పాలెం ఊరికి కాస్త ఎడంగా, నల్లరేగడి చేల మధ్య ఉండేది. ఒకవైపు పత్తి, ఒకవైపు మిరప. వాన పడితే ఆ మట్టి కాలికి పట్టి వదలదు, ఎండ కాస్తే అరచెయ్యి దూరేంత బీటలు. మా అమ్మా నాన్నా దాచేపల్లి వైపు సున్నపురాయి తవ్వే పనికి పోయి, నన్ను తాత దగ్గరా నాయనమ్మ దగ్గరా వదిలారు. పండుగలకు వచ్చి వెళ్ళేవాళ్ళు. వాళ్ళు వెళ్ళేటప్పుడు గొంతు చించుకుని ఏడ్చేదాన్ని కానీ, నిజం చెప్పాలంటే, బండి మలుపు తిరిగేసరికి మరిచిపోయేదాన్ని. తాత ఉన్నాడుగా.

మా ఇంట్లో అన్ని వాసనలూ పొయ్యి దగ్గరే పుట్టేవి. జొన్నసంగటి అడుగంటిన వాసన, నిప్పుల మీద కాల్చిన ఎండుచేప వాసన, గోంగూర ఉడికే పులుపు. ఆ పొగంతా పైకి పోయి డప్పుని పట్టుకునేది. పొగచూరి చర్మం బెల్లం రంగుకి తిరిగింది. పొయ్యి వెలిగినప్పుడల్లా ఆ వేడికి చర్మం బిగుసుకుని ‘టిక్’మనేది. దాని మీద బల్లి పాకితే సన్నగా మోగేది. డప్పుకి ప్రాణం ఉందని నాకు గట్టి నమ్మకం. నాయనమ్మ చూడనప్పుడు కింద నుంచి శనగగింజ విసిరి దాన్ని పలికించేదాన్ని. ఎంత మంచి మోతో! మోగగానే నాయనమ్మ తెడ్డు పట్టుకుని వెంటపడేది.

“అది మోగకూడదే పిల్లా! మీ తాత మాటిచ్చాడు.”

ఆ మాట సంగతి నాయనమ్మే నాకు చాలాసార్లు చెప్పింది. మా నాన్న చిన్నప్పుడు పాలెమంతా వాగులో బాప్తిస్మం తీసుకుంది. ఆ సాయంత్రం మేం గుడి అని పిలుచుకునే చర్చి ముందు మంట వేసి, ఎవరి దగ్గరున్న తాయెత్తులూ తాళ్ళూ వాళ్ళు తెచ్చి అందులో వేశారు. తాత డప్పు తెచ్చాడు. చుట్టుపక్కల ఊళ్ళలో ఏ జాతరైనా ఆయన ముందుండి కొట్టాల్సిందే, మిగతావాళ్ళు ఆయన దరువు అందుకోవాల్సిందే. అంతటివాడు మంట ముందు నిలబడిపోయాడు.

“మా నాయన చెయ్యి ఆనిన చోటు ఇంకా నున్నగా ఉంది అయ్యగారూ. కాల్చలేను. కానీ ఇంక కొట్టను. మీరు గుళ్ళోకి రమ్మంటే ప్రభువు ముందు కొడతా. ఇంకెవరి ముందూ కొట్టను,” అన్నాడట.

గుళ్ళోకి డప్పా? పాస్టరు అయ్యగారు ఒప్పుకోలేదు. గుళ్ళో డప్పు మోగితే జాతర లోపలికొచ్చినట్టు ఉంటుందన్నారు. కొట్టనివాడికి దాచుకోవడం ఎందుకని కూడా అడిగారట. తాత డప్పు తెచ్చి పొయ్యి పైన కట్టేశాడు.

అప్పటి నుంచి పాలెంలో తాత మీద ఒక అనుమానం ఉండిపోయింది. ఈయన మనసు సగం గుళ్ళో, సగం డప్పు మీద అని. మా గుడి సంఘపెద్ద అయితే మొహం మీదే అనేవాడు. ఆదివారం పాట మొదలవగానే అందరి చూపూ తాత వైపు తిరిగేది. తాత మాత్రం రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద బరువు వేసి కూర్చునేవాడు. పాట అయ్యేదాకా అంతే. ఎందుకు తాతా అలా కూర్చుంటావంటే, చలి అనేవాడు. ఎండాకాలంలో కూడా చలే.

నన్ను నిద్రపుచ్చేది తాతే. ఎండలో తిరిగొచ్చి సోలిపోయే మధ్యాహ్నం పూట నన్ను తొడ మీద బోర్లా పడుకోబెట్టుకుని వీపు మీద జో కొట్టేవాడు. అందరి తాతల్లా ఒక చేత్తో కాదు. కుడి అరచెయ్యి బరువుగా పడేది, ఎడమ చేతి చిటికెన వేలు దాని మధ్యలో గబగబా ఏదో చెప్పేది. జో కొట్టడమంటే లోకమంతా అంతేననుకున్నాను.

మిరప కోతలొస్తే మా పాలెం మొహమే మారిపోయేది. కళ్ళాల్లో ఎక్కడ చూసినా ఎర్రగా ఆరబోసిన కాయలు. అందరి బట్టల్లోనూ ఘాటు. ఆ రోజుల్లో గుళ్ళో ప్రార్థన కంటే దగ్గులే ఎక్కువ వినిపించేవి. అయ్యగారు కళ్ళు మూసుకుని ‘ప్రభువా’ అనబోయి తుమ్మేవారు. మేం పిల్లలం ఆ తుమ్ము కోసమే ముందు వరసలో కూర్చునేవాళ్ళం. కోతల కూలితోనే ఏడాదికి సరిపడా జొన్నలు గాదెకి చేరేవి. ఇంటికి తెచ్చిన పండుమిరపకాయలు నాయనమ్మ చింతపండు వేసి రోట్లో నూరితే, ఆ పచ్చడి కోసం నేను గంటసేపు రోటి పక్కనే కాపు కాసేదాన్ని.

కోతల్లో నాకు నచ్చనిది ఒక్కటే. నాయనమ్మ చేతులు. రోజంతా కాయ కోసిన వేళ్ళు సాయంత్రానికి భగ్గున మండేవి. ఆముదం రాసుకుని, వాటిని గాల్లో పెట్టుకుని కూర్చునేది. నేను మీద పడబోతే మోచేత్తో నెట్టేది.

“దగ్గరికి రాకే, కళ్ళు పోతాయి!”

కోతలున్నన్నాళ్ళూ నాయనమ్మ నా మొహం ముట్టుకునేది కాదు. నా ముక్కు కూడా తాతే తుడిచేవాడు.

ఒక ఏడు, కాయ పండే వేళకి మిరపచెట్లు ముడుచుకుపోయాయి. ఆకులు దొప్పల్లా అయిపోయి ఎదుగుదల ఆగింది. అదే సమయంలో ఊళ్ళో పశువులకు జబ్బు తగిలింది. అమ్మోరికి కోపం వచ్చిందని, డప్పులతో ఆమెను లేపి శాంతింపజేసే కొలుపు పెట్టాలని ఊరి పెద్దలు తీర్మానించారు. ఒక పొద్దున ఊళ్ళో పెద్ద ఆసామి మా వాకిట్లోకి వచ్చాడు. తాత తాడు పేనుతున్నవాడల్లా లేచి నిలబడ్డాడు. ఆ తెల్లవారుజామునే ఆసామి ఎద్దు చచ్చిపోయింది. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“ఏరా, విన్నావుగా? కొలుపు పెడుతున్నాం. నువ్వే ముందుండి కొట్టాలి.”

“నేను కొట్టడం మానేశాను గదయ్యా. మీకు తెలియందా?”

“తెలుసురా. నిన్ను మొక్కమన్నానా? బొట్టు పెట్టుకోమన్నానా? కొట్టమన్నాను, అంతే. మీ నాన్న కొడుతుంటే మా నాన్న వెనకాల నడిచాడు. నీ దరువు పడందే అమ్మ లేవదు.”

“పనికి పిలవండయ్యా, ఒళ్ళు దాచుకోకుండా చేస్తా. ఇదొక్కటీ నా వల్ల కాదు.”

ఆసామి కోప్పడలేదు. లోపల వాసానికి వేలాడుతున్న డప్పు వైపు చూసి వెళ్ళిపోయాడు. ఆయనకి తాత దరువంటే నిజంగానే గురి ఉంది. అదే మా తాతకి మరీ కష్టమైంది. తిట్టి ఉంటే తేలికయ్యేదేమో.

ఆ ఆదివారం అయ్యగారు గుళ్ళో ఒక రాజు కథ చెప్పారు. రాజు పెద్ద బంగారు బొమ్మ నిలబెట్టాడట. వాయిద్యాలు మోగగానే అందరూ సాగిలపడాలట. ముగ్గురు కుర్రాళ్ళు పడలేదట. వాళ్ళని నిప్పుల గుండంలో వేశారట, వెంట్రుక కూడా కాలలేదట. అందరూ ఆ ముగ్గురి గురించే మాట్లాడుకుంటూ ఇంటికొచ్చారు. నాకు మాత్రం వేరే సందేహం వచ్చింది.

“తాతా, ఆ వాయిద్యాలు వాయించింది ఎవరు?”

తాత నడుస్తున్నవాడల్లా ఆగాడు. “ఎవరుంటారే, నాలాంటి కూలివాళ్ళే.”

“వాళ్ళు సాగిలపడ్డారా?”

“వాయించేవాడు సాగిలపడితే వాయించేదెవరు? వాళ్ళు పడి ఉండరు,” అని కాస్త దూరం నడిచి, “కానీ వాళ్ళు వాయిస్తేనే గదా మిగతావాళ్ళు పడ్డారు,” అన్నాడు.

కొలుపు రానే వచ్చింది. ఎక్కడి నుంచో వేరే డప్పులవాళ్ళని తెచ్చారు. పొద్దు వాలుతుంటే పత్తిచేల మీదుగా మోత వినిపించసాగింది. పాలెంలో అందరూ తలుపులు వేసుకున్నారు. తాత మాత్రం వాకిట్లో మంచం మీద కూర్చుని నన్ను తొడ మీద పడుకోబెట్టుకున్నాడు. దూరంగా డప్పులు కొడుతున్నారు. నా వీపు మీద తాత చేతులు కదులుతున్నాయి. అక్కడి మోత తడబడినచోట నా వీపు మీద తడబడలేదు. అక్కడ తొందరపడినచోట ఇక్కడ ఆగింది. కుడి అరచెయ్యి డప్పు కొట్టే లావు పుల్ల, ఎడమ చిటికెన వేలు సన్న పుల్ల. ఇన్నాళ్ళూ జో కొడుతున్నాడనుకున్నది ఏమిటో అప్పుడు తెలిసింది నాకు. ముచ్చటేసి పైకి చూశాను. తాత కళ్ళ నుంచి నీళ్ళు గడ్డంలోకి జారుతున్నాయి. డప్పు కొట్టాలని ఆయనకెంత ఉందో ఆ ఒక్కసారే చూశాను.

కొలుపైనా ముడత పోలేదు. అమ్మ సరిగ్గా లేవలేదని, కొట్టాల్సినవాడు కొట్టలేదు గనకే ఇలా అయిందని ఊళ్ళో అనుకున్నారు. ఆసామి మళ్ళీ వచ్చాడు. ఈసారి వాకిట్లోకి రాలేదు, పాలెం మొదట్లోనే నిలబడి అందరూ వినేలా చెప్పాడు.

“మళ్ళీ కొలుపు పెడతాం. ఈసారి వీడే కొట్టాలి. కొట్టేదాకా పాలెంలో మనిషన్నవాడు మా చేలల్లో అడుగు పెట్టనక్కర్లేదు.”

మిగతా రైతులూ ఆయన మాట మీదే నిలబడ్డారు. ఉన్న కాస్త కోతకు పై ఊళ్ళ నుంచి కూలీలని పిలిపించుకున్నారు. మా గుళ్ళో శ్రమల దినాలు మొదలయ్యాయి. ఈస్టరుకు ముందు ఉపవాసాలుండే రోజులు. ఆ ఏడు ఉపవాసాలు ఎవరూ చెప్పకుండానే జరిగిపోయాయి.

గాదె అడుగు కనబడింది. రెండు పూటల సంగటి ఒక పూట జావ అయింది, ఆ తర్వాత జావ కూడా రోజు విడిచి రోజు. మేం పిల్లలం గట్ల మీద రేగుపళ్ళు ఏరుకు తిని, నాలుకలు పగిలి, నీళ్ళు తాగి పడుకునేవాళ్ళం. పొయ్యి వెలగని ఇంట్లో మంచుకి డప్పు వదులైపోయింది. బల్లి పాకినా పలికేది కాదు. శనగగింజ విసిరి చూద్దామంటే శనగగింజే లేదు. ఒకరోజు ఎగిరి వేలితో కొట్టాను. తడిగుడ్డ మీద కొట్టినట్టు ‘దబ్’మంది. నాకు భయమేసింది.

మమ్మల్ని ఆదుకున్నది ఒక్కడే, ఊరి చివర ఉండే దూది ఏకే సాయిబు. తాతకి ఈడువాడు, వరసలు కలుపుకుని పిలుచుకునేవాళ్ళు. పరుపులకీ బొంతలకీ దూది విడదీసే పని తాతకీ నాయనమ్మకీ ఇచ్చి, గింజలు కొలిచేవాడు. సాయిబు దూలానికి వేలాడదీసిన పెద్ద విల్లు పట్టుకుని, చెక్క గుండుతో నారిని కొడుతుంటే దూది పొగమంచులా లేచేది. ఆ ‘టంగ్ టంగ్’ మోతకి తాత మోకాలు ఆడుతుండేది. అది చూసి ఒకరోజు సాయిబు కొంటెగా మోత మార్చాడు. కొలుపు దరువే. తాత దూది కింద పెట్టి బయటికి వెళ్ళిపోయాడు.

సాయిబు విల్లు వదిలేసి వెనకాలే వచ్చాడు. “తప్పయింది బావా. నవ్వుతావనుకున్నా. దరువు దరువేగా, ఎవరిదైతే ఏంది?”

“దరువు ఎవరిదీ కాదు సాయిబూ. కొట్టే చెయ్యే ఒకరిది,” అన్నాడు తాత. వెనక్కి తిరిగి, “బానే కొట్టావులే. రెండోసారి తిప్పేటప్పుడు జారావు,” అన్నాడు. ఇద్దరూ నవ్వుకుంటూ లోపలికొచ్చారు.

ఇంట్లో మాత్రం నాయనమ్మ నోరు ఆగేది కాదు. పొద్దున లేస్తే తిట్లే. “దేవుడు నీ ఒక్కడికే ఉన్నాడా? పాలెమంతా నీ మొహం చూసి పస్తులుండాలా? ఒక్కరోజు చెయ్యి ఆడిస్తే నీ సొమ్మేం పోయింది?” తిట్టి తిట్టి అలసిపోయి నన్ను దగ్గరికి తీసుకునేది. అప్పుడు రెండు చేతులతో నా మొహం పట్టుకునేది. ఆ ఏడు మాకు కోతల్లేవుగా, చేతుల్లో మంట లేదు. చల్లగా ఉండేవి. నుదురు నిమిరేది, బుగ్గలు తుడిచేది, కనుబొమలు సవరించేది. కడుపు కాలుతున్నా నాకు ఆ చేతులు ఎంత హాయిగా ఉండేవో చెప్పలేను. ఈ రోజుకీ ఎవరైనా ఆకలి అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ చల్లటి చేతులే.

ఆ తర్వాత నాకు జ్వరం వచ్చింది. ఒక మధ్యాహ్నం చాప మీద పడుకుని ఉన్నాను, నాయనమ్మ నీళ్ళకి వెళ్ళింది. తాత చాలాసేపు నన్నే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత లేచి డప్పు దించాడు. చర్మం మీద బూజు పట్టింది. పంచె కొసతో తుడిచాడు. పత్తికట్టె పుల్లలు పొయ్యిలో పెట్టి మంట చేశాడు. డప్పుని మంటకి ఆనీ ఆనకుండా పట్టుకుని, చుట్టూ తిప్పుతూ, మధ్యమధ్య వేలితో నొక్కి చూసుకుంటూ కాచాడు. చర్మం వేడెక్కుతున్న వాసన ఇల్లంతా నిండింది. చాలా రోజులకి ‘టిక్’మంది.

ఆ వాసన పాలెంలో పుట్టినవాళ్ళకి తెలియకుండా ఉండదు. కాసేపటికి మా గుమ్మం చీకటైంది. సంఘపెద్ద, పక్కింటి పెద్దమ్మ, వెనక ఇంకా బోలెడుమంది. అందరి కళ్ళలోనూ ఒకటే ఆశ.

“ఒప్పుకున్నావా?” అన్నాడు సంఘపెద్ద. “మంచిపని చేశావు. ఒక్కరోజేగా. ఆ తర్వాత సంఘమంతా నీకోసం ఉపవాసం ఉండి ప్రార్థన చేద్దాం.”

తాత డప్పు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయాడు. కొడతాడేమోనని నేనూ అనుకున్నాను.

“ఎందుకు దించానో నాకే తెలీదు,” అన్నాడు చివరికి. “పిల్ల ఒళ్ళు కాలిపోతుంటే చూడలేకపోయా. కొడదామనే దించానేమో. కానీ వినండి. పాటైతే మనసు ఎక్కడో పెట్టి నోటితో పాడొచ్చు. ప్రతి ఆదివారం చూస్తూనే ఉన్నాగా మిమ్మల్ని. డప్పు అట్టా కుదరదు. మనసంతా అందులో పెడితేనే దరువు పడుద్ది. నేను కొడితే నా మనసు మొత్తం తీసుకెళ్ళి అక్కడ పెట్టాలి. అంతా అక్కడ పెట్టొచ్చాక, ఆదివారం ఆయన ముందు ఏం పట్టుకుని కూర్చోను?”

“అయితే మేం చావాలా?” అన్నారెవరో వెనక నుంచి.

అప్పటికే నీళ్ళ బిందెతో వచ్చి వెనక నిలబడి విన్న నాయనమ్మ అందరినీ తోసుకుని ముందుకొచ్చింది. గుమ్మంలో జనాన్ని, తాత ఒళ్ళో డప్పుని, సంఘపెద్దని చూసింది. బిందె దించి కొంగు దోపింది.

“ఏందీ? ఉపవాసం ఉంటారా మాకోసం? మరిప్పుడు చేస్తున్నది ఏంది, విందా? ఇన్నాళ్ళూ ఆయన మనసు డప్పు మీదుందని చెవులు కొరుక్కున్నది మీరే. ఇప్పుడు కొట్టమంటున్నదీ మీరే. నా మొగుణ్ణి నేను తిడతా. ముప్పొద్దులా తిడతా. మీరెవరూ అనడానికి?”

తాత బిత్తరపోయి చూశాడు. రోజూ తిట్టే మనిషి తన పక్షాన నిలబడుతుందని ఆయన అనుకోలేదు. నాయనమ్మ ఆయన ఒళ్ళోంచి డప్పు తీసి, ముక్కాలిపీట ఎక్కి, వాసానికి తనే కట్టేసింది.

జనం ఒక్కొక్కరే కదిలారు. పక్కింటి పెద్దమ్మ మాత్రం గుమ్మంలోనే నిలబడి పొయ్యి వైపు చూస్తోంది.

“అక్కా, మంట వెలుగుతానే ఉందిగా. ఊరికే పోవడం దేనికి? మా ఇంట్లో గుప్పెడు నూక ఉంది, తెస్తా. ఒకే కుండలో కాచుకుందాం,” అంది.

తెచ్చింది. అది చూసి ఇంకొకరు గోంగూర తెచ్చారు, ఒకరు ఉప్పు, పిల్లలు గట్ల మీద పడున్న పత్తికట్టె. సంఘపెద్ద కూడా తలొంచుకుని ఒక దోసకాయ తెచ్చి గడప మీద పెట్టి వెళ్ళబోతుంటే, నాయనమ్మ కేకేసి కూర్చోబెట్టింది. కుండెడు జావ అయింది. తాత ప్రార్థన చేశాడు. ఆయనకు పెద్ద మాటలు రావు. ఉన్నది పెట్టావు, రేపటిది నువ్వే చూసుకో, అన్నాడు. జావలో ఉప్పు ఎక్కువైంది. అంత రుచిగల జావ నేను మళ్ళీ తాగలేదు.

ఆ రోజు నుంచి పాలెమంతటికీ అదే పొయ్యి. ఎవరికి ఏది దొరికితే అది తెచ్చి అందులో వేసేవాళ్ళు. సాయిబు కూడా అప్పుడప్పుడూ నూకలు పట్టుకుని వచ్చేవాడు. మా అమ్మా నాన్నా కబురు తెలిసి జొన్నలు పంపారు, అవీ అందులోకే పోయాయి. కడుపులు నిండాయని చెప్పను. కానీ కొట్టమని తాతని మళ్ళీ ఎవరూ అడగలేదు. పొయ్యి ఆరకపోవడంతో డప్పు బిగిసే ఉండేది. జావ కాగేటప్పుడు పైన అది ‘టిక్’మంటే అందరూ తలెత్తి చూసి, మళ్ళీ తాగడంలో పడేవాళ్ళు.

ఈస్టరు దాటాక ఒక వాన పడి ముడత తగ్గింది. మిగిలిన చెట్లు ఒక్కసారిగా కాయ పండించాయి. పైనుంచి వచ్చిన కూలీలు సొంతూళ్ళ పనులకు వెళ్ళిపోయారు. కోసే దిక్కులేక కాయ చెట్టు మీదే తెల్లబారుతోంది. ఒక సాయంత్రం ఆసామి వచ్చి పాలెం మొదట్లో నిలబడ్డాడు.

“రేపట్నుంచి రండి,” అన్నాడు. తాత వైపు చూసి, “నువ్వు కూడా,” అన్నాడు.

కొలుపు ఊసు ఎత్తలేదు. తాత చేతులు జోడించాడు. మర్నాటి నుంచి నాయనమ్మ చేతులు మళ్ళీ మండడం మొదలైంది, నన్ను మోచేత్తో నెట్టడమూ మొదలైంది. అందరూ సంబరపడుతుంటే నేను మాత్రం మూల కూర్చుని ఏడ్చాను. ఎందుకేడుస్తున్నానో ఎవరికీ అర్థం కాలేదు.

తాత ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికాడు. అయ్యగార్లు మారారు. గుళ్ళోకి హార్మోనియం వచ్చింది, తబలా వచ్చింది. డప్పు తెమ్మని ఆయన్ని ఎవరూ పిలవలేదు. ఆయన అడగనూ లేదు. పాట మొదలవగానే చేతులు తొడల కింద పెట్టుకునేవాడు. ఆయన పోయిన రోజు పాటలు పాడుకుంటూ తీసుకెళ్ళాం. ముసలివాడైపోయిన ఆసామి కర్ర పట్టుకుని సమాధుల దాకా వచ్చాడు. “డప్పు లేకుండానే పంపిస్తున్నారా వాణ్ణి?” అని తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తాత ఎవరికీ నేర్పలేదు.

చర్మాన్ని ఎలకలు కొట్టేశాయి. మిగిలిన చట్రాన్ని నాయనమ్మ నీళ్ళకుండ కింద కుదురుగా పెట్టుకుంది. ఊరికే ఉండేకంటే నీళ్ళు మొయ్యనీ అంది. ఇప్పుడు ఆ ఇల్లు లేదు, కుండా లేదు. పాలెంలో అందరికీ సిమెంటు ఇళ్ళు వచ్చాయి. ఎవరి పొయ్యి వాళ్ళది.

“అమ్మమ్మా, ఏంటది? మళ్ళీ కొట్టు!”

మనవరాలు స్పానర్ పక్కన పెట్టి నా చేతుల వైపు చూస్తోంది. చూసుకుంటే నా చేతులు చిక్కుడుకాయల పళ్ళెం మీద ఆడుతున్నాయి. కుడి అరచెయ్యి, ఎడమ చిటికెన వేలు. డప్పు నా ఒళ్ళో పెట్టి పుల్లలు చేతికిచ్చింది. ప్రయత్నించాను. రాలేదు. పుల్లలతో కొట్టడం నాకెవరు నేర్పారు? నాకు తెలిసింది ఒక్కటే చోటు.

“ఇటు తిరుగు,” అన్నాను.

వీపు చూపించి కూర్చుంది. కొట్టాను. కొంచెంసేపు కదలకుండా విని, పుల్లలు అందుకుని, నేను వీపు మీద కొడుతుంటే తను డప్పు మీద కొట్టడం మొదలుపెట్టింది. మొదట తడబడింది. తర్వాత పడింది. ఇన్నేళ్ళూ నా వీపుకే తెలిసిన తాత దరువుని నేను మొదటిసారి చెవులతో విన్నాను. ఏడుస్తూనే కొట్టాను.

క్రిస్మస్ ఆరాధనలో పిల్లలు పాట ఎత్తుకున్నారు. మనవరాలు ముందుకొచ్చి నిలబడి దరువు వేసింది. గుడంతా చప్పట్లు అందుకుంది. పక్కనావిడ నన్ను మోచేత్తో పొడిచి, “మీరేంటండీ అలా కూర్చున్నారు?” అంది. చూసుకున్నాను. నా రెండు చేతులూ తొడల కింద ఉన్నాయి. మెల్లగా బయటికి తీసుకున్నాను.